మునగాల్సిన దూది

నరసరావుపేటలో మాది పరుపుల పని. రోడ్డు వెనకాల ఉన్న మా షెడ్డును గోడౌనుగా అద్దెకిమ్మని ఫోమ్ పరుపుల డీలరు ఒకాయన పట్టుబట్టాడు. ఆదివారంలోగా మాట చెప్పమన్నాడు. మా ఆయన ఖాసిం ఇచ్చేద్దామనే అన్నాడు. ఏటికేడు కుట్టుడు పరుపులు అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు, ఆయన అనడంలో తప్పేమీ లేదు. నేను మాత్రం ముందు ఒకసారి తెనాలి వెళ్లొస్తానన్నాను.

తెనాలిలో మాకు వరసకు అక్క అయ్యే కరీమున్ ఉంది. వాళ్లూ మాలాగే తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవాళ్లు. కొన్నేళ్లుగా ఆసుపత్రుల్లో వాడే దూది తయారుచేస్తున్నారనీ, ప్రభుత్వం లెక్కలో దాన్ని వైద్య పరికరం అంటారనీ, లైసెన్సు కూడా తెచ్చుకున్నారనీ పెళ్లిళ్లలో కలిసినప్పుడు చెప్పుకోగా విన్నాం. "దూది పరికరమేంటే?" అని మా ఆయన నవ్వాడు. అదేదో చూసే వస్తానని శుక్రవారం తెల్లవారుతుండగా ఇల్లు కదిలాను. మాలాంటి పనివాళ్లు ఇంకెవరైనా ఆ దారి పట్టాలనుకుంటే అక్కరకొస్తుందని ఆ రెండు రోజుల సంగతీ రాస్తున్నాను.

గుంటూరు దాకా బస్సు. అక్కడినుంచి తెనాలికి ప్యాసింజరు బండి ఎక్కాను. ఈ దారిలో బస్సు కన్నా బండే నయం. టికెట్టు చవక, కుదుపులుండవు. సంగం జాగర్లమూడిలో కూరగాయల గంపతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"తెనాలి ఎవరింటికమ్మాయ్?"

"పరుపులు కుట్టేవాళ్లింటికి పిన్నిగారూ. మాదీ అదే పని."

"ఇంకా కుట్టించుకుంటున్నారా పరుపులు? మా కోడలు ఫోనులో ఏదో నొక్కింది, చాపలా చుట్టిన పరుపు ఇంటికొచ్చేసింది. తాడు విప్పామో లేదో బుస్సుమని పొంగింది. నేను జడుసుకున్నా."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ పొంగే పరుపే మా షెడ్డు మీదికి వస్తోందని గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగాను.

తెనాలిలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. స్టేషను బయట ఇడ్లీలు తిన్నాను. ఇక్కడ అల్లం పచ్చడి అడగకుండానే రెండోసారి వేస్తారు, అడ్డు చెప్పకండి. ఆటోలో కరీమున్ అక్క ఇంటికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

వీధి వైపు పాత పరుపుల దుకాణం అలాగే ఉంది. గుమ్మంలో బూరుగు దూది బస్తాల పక్కన అక్క మామగారు మస్తాన్ మామ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని అమృతలూరు, వేమూరు ఊళ్లన్నీ తిరిగి ఇళ్ల ముంగిట దూది ఏకాడు.

"లోపలికెళ్లి చూడు సైదాబీ, మా కోడలు చేసే చోద్యం" అన్నాడు నన్ను చూసి. "దూది నీళ్లు పీలిస్తే పరుపు చెడిపోయినట్టే లెక్క. నా జన్మంతా నీళ్లు తగలకుండా కాచుకున్నా. ఇదేమో నీళ్లు తాగే దూదే మంచి దూదంటుంది!"

ఆయన మాటకు అర్థం పెరట్లోకి వెళ్లాక తెలిసింది. దుకాణానికి వెనక, మధ్యలో గోడ కట్టి, విడిగా ఒక పొడవాటి షెడ్డు వేశారు. చెప్పులు బయట విడిచి, తలకు టోపీ, ముఖానికి గుడ్డ కట్టుకుంటే గాని అక్క నన్ను లోపలికి రానివ్వలేదు. యాభై ఏళ్ల మనిషి, చెయ్యి ఆడినంతసేపూ నోరూ ఆడుతుంది. పత్తి పింజకు పుట్టుకతోనే సన్నటి మైనం పూత ఉంటుందని, అందుకే మామూలు దూది నీళ్లలో తేలుతుందని చెప్పింది. ఆ మైనం పోవాలంటే పెద్ద ఇనుప బాయిలరులో కాస్టిక్ సోడా వేసి ఆవిరి ఒత్తిడి మీద ఉడకబెట్టాలి. తరువాత కడగాలి, తెల్లబరచాలి, మళ్లీ కడగాలి, ఆరబెట్టాలి. అప్పుడు గాని ఏకే యంత్రం దగ్గరికి రాదు. చివరికి నీలం కాగితంతో కలిపి చుట్టి కట్టలు కడతారు. మందుల షాపులో మనం చూసే కట్టలే అవి.

"ఏకడం మనకొచ్చిందే, అదొక్కటే పాతది. మిగతాదంతా మళ్లీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టినట్టే" అంది అక్క.

ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, నా దోసిట్లో పట్టేంత దూది అందులో వదలమంది. వదిలాను. ఒక్క క్షణం పైన నిలిచి, చల్లగా లోపలికి జారి, అడుగున కూర్చుంది. ఇన్నేళ్లలో దూది నీళ్లలో మునగడం నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడే అక్కకు బాపట్ల నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు సుగుణ సిస్టర్. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ తలకున్న టోపీ తీసేసింది.

"మన దూది తడి పీల్చట్లేదంటున్నారు" అంది ఫోను పెట్టి. "పద, బాపట్ల వెళ్దాం. నువ్వు చూడాలని వచ్చిందీ ఇదే గదా. అన్నీ చూడు."

ఒంగోలు వైపు వెళ్లే బండి దొరికింది. నిడుబ్రోలు దాటాక రెండువైపులా వరి పొట్ట మీదుంది. అక్క కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదు. ఎదురు సీటులో కాకుమాను నుంచి వచ్చిన ఒక రైతు మాకు పల్లీలు పెట్టాడు. వద్దంటే ఊరుకోలేదు. "దిగులుగా ఉన్నప్పుడే తినాలమ్మా, దవడ ఆడితే మనసు కాస్త నిలబడిద్ది" అన్నాడు. అక్క నవ్వి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

బాపట్లలో దిగి ఆసుపత్రికి నడిచే వెళ్లాం. సుగుణ సిస్టర్ మమ్మల్ని డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్లారు. లూథరన్ మిషను బడిలో చదివి, మిషను ఆసుపత్రిలోనే నర్సు కోర్సు చేసి, ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారట. గొంతు పెద్దది కాదు గానీ ఆమె మాట్లాడుతుంటే మిగతా వాళ్లు మానేస్తారు.

"పొద్దున ఒకాయనకు కాలి పుండు తుడుస్తున్నానండి. చీము, రక్తం దూది మీద జారిపోతన్నాయి గానీ లోపలికి పోవట్లా. పుండు మీద రుద్దినట్టయింది. ఆయన కేకేశాడు" అన్నారు.

అక్క గిన్నె, నీళ్లు అడిగింది. పొద్దున వాడిన కట్ట పైనుంచి ఒక ముక్క తీసి వేసింది. మునిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యలోంచి ఇంకో ముక్క తీసి వేసింది. అది తేలింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. అది కొలనులో బాతులా తిరుగుతోందే తప్ప మునగదు. అక్క వేలితో అదిమితే కిందికి వెళ్లి, వేలు తీయగానే మళ్లీ పైకొచ్చింది.

అక్క వరండాలోకి వెళ్లి తన మరిది బాజీకి ఫోను చేసింది. బాయిలరు చూసేది అతనే. నాకు వినిపించాలనే కాబోలు స్పీకరు పెట్టింది.

"ఆ ఒక్క కట్టే అయ్యుంటది వదినా" అన్నాడు బాజీ. "మార్చిచ్చేసి వచ్చెయ్. ఊరంతా చాటుకోవడం ఎందుకు?"

"బాజీ, ఆ బ్యాచ్ ఉడికించిన రోజు ఏం జరిగింది?"

"కరెంటు పోయింది గదా. ఉడుకు మధ్యలో ఆగింది. మళ్లీ వచ్చాక మొదటినుంచి పెట్టాల్సింది. సగం నుంచి కానిచ్చేశా. తెల్లగానే వచ్చింది వదినా. పైనుంచి తీసి నీళ్లలో వేస్తే మునిగింది కూడా."

"అడుగుది చూడలేదు."

"చూళ్లేదు."

"ఆ బ్యాచ్ ఇంకా ఎవరికి పంపాం?"

"రేపల్లె. చర్చి వాళ్ల మెడికల్ క్యాంపుకి. రేపే అది."

అక్క ఫోను పెట్టేసి గోడకు ఆనుకుంది. నేను పక్కనే నిలబడి, నేనైతే ఏం చేసేదాన్నో ఆలోచించాను. పరుపు ఉండలు కట్టిందని ఎవరైనా తెస్తే విప్పి మళ్లీ కుట్టిస్తాం, టీ ఇచ్చి పంపుతాం. మా పనిలో తప్పుకు అదే శిక్ష. ఇక్కడ తప్పు ఎవరి పుండు మీదికి వెళ్తుందో మనకు తెలియదు.

అక్క లోపలికి వెళ్లి సిస్టర్‌తో ఉన్నదున్నట్టు చెప్పింది. కరెంటు సంగతి, బాజీ సంగతి, అడుగు దూది చూడని సంగతి, ఏదీ దాచలేదు.

"నేను పైకి రాయాల్సింది రాస్తానమ్మా, ఏమనుకోవద్దు" అన్నారు సిస్టర్. "కొత్త కట్టలు పరీక్ష చేయించేదాకా మీ దగ్గర కొనడం ఆగిపోవచ్చు."

"రాయండి సిస్టర్. ఆ బ్యాచ్ నంబరు ఉన్న కట్టలన్నీ నాకిచ్చేయండి. రేపల్లె వాళ్లకు నేనే స్వయంగా వెళ్లి చెప్తాను."

సిస్టర్ ఒక ఆయాను పిలిచి కట్టలన్నీ తెప్పించారు. మేం బయల్దేరుతుంటే "భోజనం చేశారా?" అని అడిగి, లేదంటే వాళ్ల క్యాంటీనులో కూర్చోబెట్టి తినిపించారు. వంకాయ కూర, పప్పుచారు. ఆకలి మీద ఉన్నానో ఏమో, ఈ ప్రయాణంలో ఇంతకన్నా మంచి భోజనం తినలేదు.

బాపట్ల నుంచి రేపల్లెకు బస్సులు బాగానే ఉన్నాయి. కర్లపాలెం, చందోలు, చెరుకుపల్లి మీదుగా వెళ్తాయి. పెద్ద మూటలు రెండు మా వెంట ఉండటంతో కండక్టరు ముఖం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇవి, లగేజీ కొట్టాలి."

"కొట్టండి బాబూ. దూదే, బరువుండదు" అన్నాను.

అతను ఒక మూట ఎత్తి చూసి, "నిజమేనే!" అని ఆశ్చర్యపడి, డ్రైవరు వెనక సీటు పక్కన పెట్టించాడు. కర్లపాలెం దాటాక అక్క మాట మొదలుపెట్టింది. బాజీని ఏమనాలో తెలియట్లేదంది. అతను సోమరి కాదు, ఇరవై ఏళ్లు పరుపుల దూది చూసిన కళ్లు అతనివి. తెల్లగా, మెత్తగా ఉంటే చాలనే కళ్లు.

"ఆ కళ్లు నావి కూడానే సైదాబీ. వాణ్ణొక్కణ్ణి అని లాభం లేదు. పైనుంచి ఒక్క ముక్క తీసి చూస్తే చాలని వాడికి చెప్పింది నేనే గదా. ఇకనుంచి పైన, మధ్య, అడుగు, మూడు చోట్లా తీయాలి. కరెంటు పోతే మొత్తం మొదటికి రావాలి."

"ఇంత తలనొప్పి పడి ఈ పని చేయడం ఎందుకక్కా?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అక్క కోపం తెచ్చుకోలేదు. "దుకాణంలో కూర్చుని ఎవరూ రాని గుమ్మం వైపు చూట్టం కన్నా ఇది నయం. ఈ తలనొప్పి నాకిష్టం" అంది.

రేపల్లెలో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. క్యాంపు చర్చి ఆవరణలోని హాలులో. బల్లలు వేయిస్తున్న శాంతయ్య మాస్టారు మాకు ఎదురొచ్చారు. బడి నుంచి రిటైరయ్యాక ఈ పనులు చూస్తున్నారు. షుగరు వల్ల కాళ్లకు పుండ్లు పడ్డ కూలిజనం చుట్టుపక్కల ఊళ్లనుంచి వస్తారని, డాక్టర్లు వచ్చి కడిగి కట్టు కడతారని చెప్పారు. అక్క విషయం చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది.

"ఇంతమందిని రమ్మని పిలిచానమ్మా. దూది తీసుకెళ్తామంటే నేనేం చేసేది? ఇదే వాడేస్తే ఏమవుద్ది, తెల్లగా శుభ్రంగానే ఉందిగా?"

"మురికి కాదు మాస్టారూ. కానీ తడి పీల్చదు. పుండు ఆరదు, పైగా రుద్దుకుపోద్ది. మీ వాళ్లకు మీరే ఇది వాడతారా?"

మాస్టారు కట్టలు ఉన్న గది తాళం తీసిచ్చారు. "సాయంత్రం బండికి మంచి దూది రాకపోతే మాత్రం నేను ఊళ్లో ఏ షాపులో దొరికితే అక్కడ కొంటాను" అన్నారు. "కొనండి, ఆ డబ్బు నేనిస్తా" అంది అక్క. వెంటనే బాజీకి ఫోను చేసి, కొత్త బ్యాచ్ నుంచి కట్టలు తీసి మూడు చోట్లా పరీక్షించి, బండికి పంపమంది.

సాయంత్రం స్టేషనులో ఎదురుచూశాం. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. బండి ఇంక ఎక్కడికీ వెళ్లేది లేదు కాబట్టి దిగేవాళ్లు నింపాదిగా దిగుతారు. బాజీ కోసం పెట్టెపెట్టెకూ వెతుకుతున్నాం. చివరి పెట్టెలోంచి మూటలు ఒక్కొక్కటీ కిందికి దించుతూ కనిపించింది మస్తాన్ మామ. బాజీ లోపలినుంచి అందిస్తున్నాడు.

"మామయ్యా! మీరెందుకొచ్చారు?" అక్క పరుగెత్తింది.

"వీడు తీసిన ముక్కల మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు మామ, కొడుకు వింటుండగానే. "ప్రతి కట్టలోంచీ నేనే తీశా. పైనుంచి, నడుమ నుంచి, అడుగునుంచి. గిన్నె కాదు, బాల్చీ పెట్టుకు కూర్చున్నా."

"మునిగాయా?"

"రాళ్లల్లే మునిగినయ్యి" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "బానే ఉంది చూట్టానికి" అని కూడా అన్నాడు.

బాజీ తల వంచుకునే ఉన్నాడు. అక్క అతని చేతిలోంచి ఒక మూట అందుకుని, "రేపు తెనాలి వెళ్లగానే బాయిలరు దగ్గర గోడ మీద రాసి పెట్టు, కరెంటు పోతే ఏం చెయ్యాలో. పెద్ద అక్షరాలతో" అంది. "సరే వదినా" అన్నాడు. నేను విన్నంతలో వాళ్లిద్దరి మధ్యా దాని గురించి మాట అంతే.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రం, నీళ్లకు ఇబ్బంది లేదు. పరుపు మాత్రం ఫోముది, నడుమ గుంటపడి ఉంది. మా వృత్తివాళ్లకు చెప్పుకోదగ్గ ఓదార్పు అది.

మర్నాడు క్యాంపులో చూద్దామని ఉండిపోయాను, చివరికి పనిలోకి దిగాను. ఒక చిన్న వయసు నర్సమ్మ దూదిని ముక్కలు చేసి, కట్లకు వాడే పలచటి గాజుగుడ్డ మధ్య పెట్టి ప్యాడ్లు కడుతోంది. జనం ఎక్కువై ఆమె చేయి అందడంలేదు. సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చున్నాను. దూదిని అంచుల దగ్గర పలచబడకుండా, నడుమ గట్టిపడకుండా సమంగా పరవడం నాకు పుట్టుకతో వచ్చిన పని. కాసేపటికి ఆ పిల్ల నా ప్యాడ్లు తిరగేసి చూసింది.

"అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయాంటీ. ఎక్కడ నేర్చుకున్నారు?"

"పరుపుల్లో" అన్నాను.

ఆ ప్యాడ్లలో ఒకటి భట్టిప్రోలు నుంచి వచ్చిన ఒక కూలి మనిషి పాదానికి వెళ్లింది. సుబ్బమ్మ అని పేరు. నాట్లలో ముల్లు గుచ్చుకుని పడిన పుండు ఎన్నాళ్లకూ మానలేదట. డాక్టరు దూదితో అద్దుతుంటే తడి అంతా అందులోకి దిగిపోయింది. ఆమె కేక వేయలేదు. పళ్ల బిగువున కూర్చున్న మనిషి మెల్లగా ఊపిరి వదిలి, "చల్లగుందయ్యా" అంది. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో నిన్నటినుంచి ఉన్న బరువంతా దిగిపోయింది.

మధ్యాహ్నం బండికి అందరం తిరుగుదారి పట్టాం. వేమూరు దాటాక అక్క అడిగింది, "ఏమనుకుంటున్నావే?"

"బాయిలరు మా వల్ల కాదక్కా. ఆ చోటూ లేదు, ధైర్యమూ లేదు."

"బాయిలరు నీకెందుకు? మునిగే దూది నా దగ్గర తీసుకో. ప్యాడ్లు నువ్వు కుట్టు. లైసెన్సు మాత్రం నీ పేర ఉండాలి, పరీక్షలు నువ్వే చేయాలి. తప్పొస్తే నువ్వే వెళ్లి చెప్పుకోవాలి. అది ఒప్పుకుంటేనే మొదలుపెట్టు."

ఎదురుగా కూర్చున్న మస్తాన్ మామ నిద్రలో ఉన్నాడనుకున్నాం. కళ్లు తెరవకుండానే "ఒప్పుకుంటది. దాని చేతులు చూశాగా" అన్నాడు.

తెనాలిలో వాళ్లు దిగిపోయారు. ఇది రాసేనాటికి బాపట్ల ఆసుపత్రి అక్క దగ్గర మళ్లీ దూది తీసుకుంటోంది. ప్రతి కట్టనూ సుగుణ సిస్టర్ తన గిన్నెలో మరోసారి వేసి చూసుకుంటారట. అక్కకు అదే ఇష్టం.

నాకు ఈ ప్రయాణంలో అర్థమైంది ఒక్కటే. పాత పని మనకు చేతులిచ్చింది. కళ్లు మాత్రం కొత్తవి తెచ్చుకోవాలి. తెచ్చుకోవచ్చు, ఎనభై దాటినా తెచ్చుకోవచ్చు.

గుంటూరులో నరసరావుపేట బస్సెక్కి కూర్చోగానే ఖాసింకు ఫోను చేసి ప్యాడ్ల సంగతంతా చెప్పాను.

"డీలరుకు షెడ్డు ఇవ్వట్లేదని చెప్పెయ్యి."

"చెప్తాలే, నువ్వే కళ్లారా చూసొచ్చావుగా. మరి మనం ముందు ఏం చెయ్యాలి?"

"ముందు ఒక గది కావాలి. దుమ్ము దూరకూడదు, నేల కడిగితే అద్దంలా ఉండాలి."

"అలాంటిది మనకెక్కడుంది?" అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. పోయినేడాది ముచ్చటపడి నేలకు తెల్ల టైల్సు వేయించుకున్న మా పడకగది అతనికి తట్టినట్టుంది. "అమ్మో! మరి మనం ఎక్కడ పడుకోవాలే?"

"షెడ్డులో" అన్నాను. "పరుపులకేం తక్కువ మనకి?"